మామూలు చెయ్యి

మా ఇంట్లో తుపాకీ మాట నా ముందు ఎవరూ ఎత్తరు. ఎత్తితే ఏమవుతుందో వాళ్ళకి తెలుసు. ఇన్నేళ్ళయింది కదా, ఇంకా కోపమేమిటి లలితా అని నా స్నేహితురాలు వసుమతి అడుగుతూ ఉంటుంది. ఎనభై నాలుగు శీతాకాలంలో రాజుకున్న కోపం అది. చల్లారడానికి దానికి నేను ఎప్పుడూ సందు ఇవ్వలేదు.

అప్పుడు మేం పిట్స్‌బర్గ్ పక్కన మన్రోవిల్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన ఉమామహేశ్వరరావు టర్బైన్లు చేసే కంపెనీలో మెకానికల్ ఇంజనీరు. నేను కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. మా అత్తగారు శేషమ్మగారు ఆ చలికాలం మా దగ్గరే ఉన్నారు. స్వెట్టరు మీద శాలువా, దాని మీద ఇంకో శాలువా కప్పుకుని, కిటికీ పక్కన కూచుని మంచుని తిట్టిపోస్తూ ఉండేవారు. మా ఒక్కగానొక్క కూతురు మీనా పదకొండో క్లాసు.

ఆ చుట్టుపక్కల హైస్కూళ్ళకి ఫుట్‌బాల్ టీమ్ ఉన్నట్టే రైఫిల్ టీమ్ కూడా ఉంటుంది. స్కూలు బేస్‌మెంట్‌లో గోడకి కాగితాలు వేలాడదీసి, పిల్లలు బోర్లా పడుకునీ, నిలబడీ గురిచూసి కాలుస్తారు. తోటి తెలుగువాళ్ళ పిల్లలందరూ మ్యాథ్ క్లబ్‌లో, స్పెల్లింగ్ పోటీల్లో ఉంటే మా పిల్ల అక్కడ తేలింది. నాకు మొదట్లో నచ్చలేదు. ఒకసారి చూడ్డానికి వెళ్ళాను. ఇంట్లో ఒక్క నిమిషం కుదురుగా కూచోని పిల్ల అక్కడ చాప మీద పడుకుని ఊపిరి బిగబట్టి అలా ఉండిపోయింది. కాల్చాక లేచి నా వైపు చూసిన చూపులో ఎంత తృప్తి ఉందో చెప్పలేను. ఆ తరవాత నేను నోరెత్తలేదు.

మీనాది ఎడమచేతి వాటం. రాసేది ఎడమచేత్తోనే, బంతి విసిరేది ఎడమచేత్తోనే, తుపాకీ ఆనించేది ఎడమ భుజానికే. అన్నం ఒక్కటే కుడిచేత్తో. ఇందులో దాచాల్సిన సంగతి ఏదైనా ఉందని నాకు తట్టలేదు. దాచాల్సింది ఉందని నాకు గుడి క్యాంటీన్‌లో తెలిసింది.

నవంబర్‌లో మా ఊరి పేపర్లో మీనా ఫోటో వేశారు. టీమ్‌లో మొదటిసారి ఒక ఇండియన్ అమ్మాయి అని రెండు ముక్కలు రాసి, తుపాకీ ఎక్కుపెట్టిన ఫోటో ఒకటి వేశారు. ఆ ఆదివారం వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళాం. దర్శనమయ్యాక కింద క్యాంటీన్‌లో పులిహోర తింటుంటే, గుడిలో తరచూ కనబడే తెలుగాయన జగదీష్‌గారు వచ్చారు.

"రావుగారూ, అమ్మాయి ఫోటో చూశామండీ! కంగ్రాట్స్! కానీ ఆ పేపరు వాళ్ళకి బుద్ధి లేదేమిటండీ, నెగెటివ్ తిరగేసి ప్రింట్ చేశారు? తుపాకీ ఎడమ పక్కకి పడింది!"

నేను నవ్వి "కాదండీ" అనబోయాను. ఈలోపలే మా ఆయన అందుకున్నారు. "అవునండీ. నేనూ చూశాను. తిరగేసి వేసేశారు."

నా నోట్లో పులిహోర ముద్ద అలాగే ఉండిపోయింది. పక్కనే కూచున్న మీనా తల దించుకుంది. దానికి తెలుగు రాదని అందరూ అనుకుంటారు కానీ, తనకి సంబంధించిన ప్రతి ముక్కా అర్థమవుతుంది.

కార్లో అడిగాను. "ఎందుకండీ అలా అబద్ధం చెప్పారు?"

"ఇప్పుడు అదో పెద్ద విషయమా? ఊరందరికీ ఎక్స్‌ప్లెయిన్ చేస్తూ కూచోవాలా?" అని వైపర్లు వేసుకున్నారు. వాన లేదు, మంచు లేదు, వైపర్లు మాత్రం అద్దం మీద కర్రుమంటూ తిరిగాయి.

సరే, అసలు కథకి వస్తాను. మీనాకి చేతులు పొడుగు. స్కూలు వాళ్ళిచ్చిన పాత రైఫిల్‌కి భుజానికి ఆనే కర్ర పొట్టి. "ఈ అమ్మాయికి తగ్గ రైఫిల్ ఉంటే రాష్ట్రం పోటీకి వెళ్తుంది" అన్నాడు వాళ్ళ కోచ్ కొవాచ్. ఆయన ఆ స్కూల్లో వడ్రంగం చెప్పే మాస్టారు. మాటలు తక్కువ, మీసాలు ఎక్కువ. మా ఆయన ఆ మాటకి ఉబ్బిపోయారు. కంపెనీలో రిటైరైన ఒకాయన దగ్గర బోల్టు లాగి కాల్చే టార్గెట్ రైఫిల్ ఒకటి కొన్నారు. గొట్టం అద్భుతంగా ఉంది, కర్ర మాత్రం చెమ్మకి ఉబ్బి చెడిపోయింది. కర్ర కదిలితే గురి కదులుతుందట.

"కర్ర తీసి పారేసి అల్యూమినియం స్టాక్ వేసేద్దాం. లారీకి చాసీ ఎలాగో దీనికీ అలాగే" అన్నారు. ఒహాయోలో ఒకతను తన వర్క్‌షాప్‌లో అవి చేసి అమ్ముతాడట. తుపాకీ గొట్టమూ బోల్టూ అవే ఉంటాయి, కింద చట్రం మారుతుంది. భుజానికి ఆనే ముక్క, చెంప ఆనే పలక, చేతిపిడి, అన్నీ మరలు తిప్పి మనిషికి తగ్గట్టు జరుపుకోవచ్చు. అయితే పిడి ఏ చేతివాటానికి కావాలో ముందే చెప్పాలి. చెప్పిన ప్రకారం చేసి పంపుతాడు, వెనక్కి తీసుకోడు.

"ఎడమచేతికి అని చెప్పండి" అన్నాను నేను.

"చెప్తాన్లేవే" అన్నారు.

డిసెంబర్‌లో పెట్టె వచ్చింది. మా ఆయన, మీనా కలిసి గరాజ్‌లో బిగించారు. తండ్రీ కూతుళ్ళు అంత సరదాగా కలిసి పనిచెయ్యడం నేను అంతకు ముందు చూడలేదు. నేను టీ పట్టుకెళ్ళేసరికి మీనా తుపాకీ ఎత్తి భుజానికి పెట్టుకుంటోంది. పెట్టుకుని, దించి, మళ్ళీ పెట్టుకుంది.

"నాన్నా, ఇది రాంగ్ సైడ్."

చెంప ఆనాల్సిన పలక అవతలి పక్కన ఉంది. పిడిలో వేళ్ళ గుంటలు కుడిచేతికి చెక్కి ఉన్నాయి.

మా ఆయన నుదురు కొట్టుకున్నారు. "అయ్యో! ఫోన్‌లో అతను 'లెఫ్ట్ హ్యాండ్, రైట్?' అన్నాడు. అవునూ అనే అర్థంలో నేను 'రైట్' అన్నాను. ఆ తింగరి మనిషి రైట్ అని రాసుకున్నాడు!"

నేను పడీ పడీ నవ్వాను. మన ఇంగ్లీషూ వాళ్ళ ఇంగ్లీషూ కలిస్తే వచ్చే తంటాలు ఇన్నీ అన్నీ కాదు కదా. ల్యాబ్‌లో చెప్పి అందరినీ నవ్వించాను. మా చెల్లెలు శశికళకి ఫోన్ చేసి చెప్పాను. గుడిలో ఎవరెవరికో చెప్పాను. ఆ నవ్విన ప్రతిసారీ తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పాత స్కూలు రైఫిల్ అప్పటికే ఇంకో పిల్లకి ఇచ్చేశారు. "ఏం పర్లేదు, కుడిచేత్తో ప్రాక్టీస్ చెయ్. అలవాటు చేసుకుంటే అదే వస్తుంది" అన్నారు మా ఆయన. రోజూ ఆఫీసు నుంచి తిన్నగా స్కూలుకి వెళ్ళి వెనక కూచునేవారు. మీనాకి గురిచూసే కన్ను ఎడమది. తుపాకీ కుడి భుజానికి పెట్టుకుంటే ఆ కన్ను మూసుకుని, రాని కన్నుతో చూడాలి. తుపాకీ బరువు మోసే చెయ్యి మారింది, ట్రిగ్గర్ నొక్కే వేలు మారింది. నల్లటి చుక్క మధ్యలో పడాల్సినవి కాగితం అంచుల్లో పడడం మొదలుపెట్టాయి.

క్రిస్మస్ సెలవుల ముందు కొవాచ్ తేల్చి చెప్పేశాడు. సెలవులయ్యాక మొదటి శుక్రవారం ట్రయల్. అందులో పైకి వచ్చినవాళ్ళే లీగ్ పోటీకి. మిగతావాళ్ళు బెంచీ మీద.

ఆ రోజు మీనా అన్నం ముందు కూచుని ఏడ్చింది. "అమ్మా, నాకు రాదు. ఆ కన్ను నాది కాదు."

"వస్తుంది!" మా ఆయన కంచం పక్కన గుద్దారు. "నువ్వు మనసు పెట్టట్లేదు. మనసు పెడితే ఎందుకు రాదు? నాకు రాలేదా?"

ఆయనకి ఏం వచ్చిందో నాకు అర్థం కాలేదు. అడగలేదు. అత్తగారు మజ్జిగ పోసుకుంటూ ఒక్క క్షణం ఆగి, కొడుకు వైపు చూసి, మళ్ళీ పోసుకున్నారు.

మర్నాడు ల్యాబ్‌లో లంచ్ టైంలో ఒహాయోకి ఫోన్ చేశాను. వెనక్కి తీసుకోకపోతే పోనీ, ఎడమచేతి పిడి ఒక్కటి విడిగా అమ్మమని అడుగుదామని. పెద్దాయన గొంతు. మర్యాదగా మాట్లాడాడు. వచ్చే నెలాఖరు దాకా కుదరదన్నాడు. నేను ఊరుకోవచ్చు కదా, పొరపాటు గురించి నవ్వుతూ చెప్పాను. మీరు 'లెఫ్ట్ హ్యాండ్, రైట్?' అన్నారట, మా ఆయన 'రైట్' అన్నారట అని.

"లేదమ్మా. నేను అలా అడగను. చేతివాటం విషయంలో పొరపాటు జరిగితే నాకే నష్టం, అందుకే రెండుసార్లు అడుగుతాను. మీ ఆయన్ని కూడా రెండుసార్లు అడిగాను. నో, నో, రైట్ హ్యాండ్ అన్నారు. నార్మల్ హ్యాండ్ అన్నారు. ఆ మాట ఎవరూ అనరు, అందుకే గుర్తుంది."

నార్మల్ హ్యాండ్. మామూలు చెయ్యి. అంటే నా కూతురిది మామూలు చెయ్యి కాదన్నమాట. ఫోన్ పెట్టేశాక చూస్తే ఎదురుగా బల్ల మీద ఎవరిదో పై దవడ పళ్ళ సెట్టు నన్ను చూసి నవ్వుతోంది. దాన్ని గోడకేసి కొట్టాలన్నంత కోపం వచ్చింది.

ఇంటికొచ్చి కోటైనా విప్పలేదు. "మామూలు చెయ్యి అన్నారటగా?"

ఆయన బుకాయించలేదు, ఆ మాత్రం సిగ్గుంది. "దాని మంచికే లలితా. ఇప్పుడు మార్చుకుంటే మారుతుంది. పెద్దయ్యాక నలుగురిలో చేయి చాపాలన్నా, ఏదైనా అందుకోవాలన్నా..."

"నలుగురూ ఎవరండీ? జగదీష్‌గారా? ఆయన కోసం నా కూతురి కన్ను మార్చేస్తారా? పైగా నన్ను వెర్రిదాన్ని చేసి ఊరంతా నవ్వించారు. మీరు చేసిన పనికి ఒహాయోలో ఆ పెద్దాయన్ని తింగరివాడన్నాను నేను!"

"నీకు తెలీదు లలితా. నీకు తెలీదు."

"తెలీకపోతే చెప్పండి!"

ఆయన గరాజ్‌లోకి వెళ్ళిపోయారు. మా అత్తగారు కిటికీ దగ్గర నుంచి కదల్లేదు, ఆ రోజు మంచుని కూడా ఏమీ అనలేదు.

సరే, మీరు చెయ్యకపోతే నేను చేస్తాను అనుకున్నాను. మనుషుల నోట్లో అతికినట్టు సరిపోయే పళ్ళు చేసేదాన్ని, ఒక పిల్ల చేతికి సరిపోయే పిడి చెయ్యలేనా? చట్రం మధ్య కడ్డీకి కుడీ ఎడమా లేదు. చెంప పలక, భుజం ముక్క మరలు విప్పి అవతలి పక్కకి తిప్పి బిగించుకోవచ్చు. ఎటొచ్చీ పిడే కుడిచేతిది. దాన్ని ఊడదీశాను. ఉత్త కడ్డీ చుట్టూ ల్యాబ్ నుంచి తెచ్చిన మైనం ముద్ద పెట్టి మీనాని పట్టుకోమన్నాను.

"ఏ చెయ్యి?" అంది. నా కూతురు నన్ను ఆ మాట అడిగింది.

"నీ చెయ్యి" అన్నాను.

ఎడమచేత్తో పట్టుకుంది. వేళ్ళ ముద్రలు మైనంలో దిగాయి. ఆ మైనాన్ని ల్యాబ్‌కి తీసుకెళ్ళి, ప్లాస్టర్‌లో అచ్చు తీసి, మైనం కరిగించి, దాని చోట పళ్ళ సెట్టుకి వాడే అక్రిలిక్ కూరాను. నీళ్ళలో నిదానంగా ఉడకాలి, తొందరపడితే లోపల బుడగలు వస్తాయి. నేను తొందరపడలేదు. ఆ సెలవుల్లో నేను నిదానంగా చేసిన పని అదొక్కటే.

పిడి గులాబీ రంగులో వచ్చింది. చిగుళ్ళ రంగు, ల్యాబ్‌లో ఉన్నది అదే. మీనా చూసి "అమ్మా, ఇది ఎవరిదో నోరులా ఉంది" అంది. పట్టుకుంది. ఇంక వదల్లేదు.

ట్రయల్‌కి ముందు రోజు సాయంత్రం డైనింగ్ టేబుల్ మీద దుప్పటి పరిచి, బోల్టు తీసి పక్కన పెట్టి, నేనూ మీనా చట్రం బిగిస్తున్నాం. మా ఆయన సోఫాలో పేపరు అడ్డం పెట్టుకుని కూచున్నారు. ఆ గొడవ అయినప్పటి నుంచీ మా ఇద్దరి మధ్యా మాటల్లేవు. అయినా ఇంజనీరు ప్రాణం ఎంతసేపు ఊరుకుంటుంది?

"ఆ మర అంత బిగించకూడదు. అల్యూమినియం అది, గాడి అరిగిపోతుంది" అన్నారు పేపరు వెనక నుంచి.

"అయితే మీరే వచ్చి బిగించండి" అన్నాను.

వచ్చారు. ముందు మర కాస్త, వెనక మర కాస్త, మార్చి మార్చి బిగించారు. మర తిప్పే కీ పక్కన పెట్టి, "పలక వంకరగా ఉందేమో" అంటూ తుపాకీని ఎత్తారు.

అది తిన్నగా ఆయన ఎడమ భుజానికి వెళ్ళింది. చెంప పలకకి ఆనింది. గులాబీ రంగు పిడి ఎడమచేతిలో ఇమిడిపోయింది. కుడికన్ను దానంతటదే మూసుకుంది. వంటింటి గోడ మీద గడియారం వైపు గురి. ఒక్క వణుకు లేదు. ఆ మనిషి అంత నిశ్చలంగా నిలబడడం, అంత హాయిగా ఊపిరి తీయడం నేను ఎప్పుడూ చూడలేదు.

"నాన్నా," అంది మీనా నెమ్మదిగా, "నువ్వు కూడా లెఫ్టీ."

కిటికీ దగ్గర నుంచి అత్తగారి గొంతు వినబడింది. "ఒరేయ్ ఉమా, ఆ చెయ్యి ఇంకా చావలేదట్రా?"

ఆయన తుపాకీ దించేశారు. చెయ్యి కాలినట్టు దించేశారు.

"ఏమిటత్తయ్యగారూ? ఎవరి చెయ్యి?" అన్నాను.

"వాడిదేనమ్మా. పుట్టుక నుంచీ ఎడమచెయ్యే వాడిది. మా బళ్ళో పంతులు, ఎవరైనా ఎడమచేత్తో రాస్తే వేళ్ళ మధ్య బలపం పెట్టి నొక్కేవాడు. ఆ బాధ ఎందుకని, బళ్ళో వెయ్యకముందే నేను నా పాత చీర పీలిక చింపి, ఆ చెయ్యి నడుముకి కట్టేసి కూచోబెట్టేదాన్ని. మెత్తటి చీరేలే."

"ఎన్నాళ్ళు కట్టారు?"

"మానేదాకా."

"ఏడ్చేవారా?"

"మొదట్లో ఏడ్చేవాడు. తరవాత వాడే వచ్చి చెయ్యి వెనక్కి పెట్టేవాడు, కట్టమని."

"ఇంక చాలమ్మా" అన్నారు మా ఆయన. గరాజ్ తలుపు మూసుకున్న చప్పుడైంది.

జాలి పడ్డాను, పడలేదనను. పద్దెనిమిదేళ్ళు నా పక్కన పడుకున్న మనిషి, ఎడమచెయ్యి వీపు కింద పెట్టుకుని పడుకునేవారు. తిమ్మిరెక్కదా అని అడిగితే అలవాటు అనేవారు. ఆ మాటకి అర్థం నాకు ఇప్పుడు తెలిసింది. కానీ జాలి వచ్చింది కదా అని కోపం పోయిందనుకోకండి. కట్టించుకున్నవాడికి ఆ నొప్పి తెలుసు కదా! తెలిసి తెలిసి తన కూతురి చెయ్యి తనే కట్టారు. పాత చీర పీలికకి బదులు అల్యూమినియంతో కట్టారు, అంతే తేడా. పైగా అది చూసి నేను నవ్వాను.

శుక్రవారం మీనా లీగ్ టీమ్‌లోకి వచ్చింది. ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను. గులాబీ పిడి చూసి నవ్వినవాళ్ళు కాసేపటికి నవ్వడం మానేశారట. కొవాచ్ ఆ పిడిని తిప్పి తిప్పి చూసి, మీసాల్లో నవ్వుకుని, మీ అమ్మకి చెప్పు, ఇలాంటిది నాకూ ఒకటి కావాలని అన్నాడట. అదంతా సంతోషమే. కానీ నా కోపం సంగతి వేరు. అది ఆ సాయంత్రం వాళ్ళు ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు గుమ్మం దగ్గర జరిగింది.

ట్రయల్ ఐదింటికి. మీనా తుపాకీ పెట్టె కుడిచేత్తో పట్టుకుని బూట్లు వేసుకుంటోంది. మా ఆయన, తనే దింపుతానని ఆఫీసు నుంచి తొందరగా వచ్చారు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు, వచ్చారు. అత్తగారు నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చారు. చేతిలో గుడి నుంచి తెచ్చి దాచుకున్న లడ్డూ ప్రసాదం.

"దేవుడి ప్రసాదం తినెళ్ళవే పిల్లా" అని సగం విరిచి చాచారు.

మీనా తటాలున ఎడమచెయ్యి చాపింది. చాపి, నాన్నమ్మ అని గుర్తొచ్చి వెనక్కి లాక్కుంది. పెట్టె కింద పెట్టబోయింది. మామూలు రోజైతే అత్తగారు "ఎడమచేత్తోనా?" అని దాని చేతి మీద ఒక్కటి వేసేవారు. నాకు తెలుసు, ఆమె అంతకు ముందు చాలాసార్లు వేశారు.

"ఉండనీ, బరువు దించకు" అన్నారు. మీనా ఎడమ మణికట్టు పట్టుకుని, అరచెయ్యి విప్పి, ప్రసాదం అందులో పెట్టారు. వేళ్ళు మూశారు.

మీనా నోట్లో వేసుకుని నవ్వింది. ఎవరైనా చూస్తే ఎంత బావుంది అనుకుంటారు. నాకు మాత్రం ఆ సీజన్ మొత్తంలో రానంత కోపం వచ్చింది. ఇంతేనా? ఇంత తేలికా? ఒక చెయ్యి విప్పి, లడ్డూ పెట్టి, మూసెయ్యడమేనా? దేవుడు కోప్పడలేదు, పైకప్పు కూలలేదు. ఇంత చిన్న పని ఆనాడు ఆ పసివాడికి ఎందుకు చెయ్యలేకపోయారు? అడుగుదామని నోరు తెరిచాను. అత్తగారు కింద రాలిన లడ్డూ పలుకులు ఏరి కళ్ళకద్దుకుంటున్నారు. నోరు మూసుకున్నాను, కానీ అడగాల్సింది.

ఆమె కొడుకు వైపు తిరిగారు. "ఉమా, నువ్వూ పట్టరా" అని మిగిలిన సగం చాచారు.

మా ఆయన కుడిచేతిలో కారు తాళాలున్నాయి. ఎడమచెయ్యి ఖాళీగా ఉంది. అది కొంచెం పైకి లేచింది కూడా, నేను చూశాను, ఆమె కూడా చూశారు. ఆయన తాళాలని ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచెయ్యి చాచారు.